మద్దెలవాగు గొలుసులో ఫ్యాక్టరీ తాళం

ఎడపల్లి దాటి బోధన్ వైపు వెళ్లే దారిలో మద్దెలవాగు మీద ఒక పాత వంతెన ఉన్నది. కట్టించినది సర్కారు, మోసేది మాత్రం ఎందరినో. పైన ఒక పక్క రైలుపట్టాలు, మరొక పక్క రోడ్డు. కింద ఇనుపదూలాలకు బిగించిన కొక్కేల మీద కరెంటు కేబులు, పట్టణానికి పోయే మంచినీళ్ల పైపు, ఫోను తీగల గొట్టం వరుసగా సాగుతాయి. మొన్న మొన్నటి దాకా ఆ వరుసలో అన్నిటికన్నా లావైన పైపు మరొకటి ఉండేది. అందులో చుక్క నీరు లేదు. అది మూతపడిన చక్కెర ఫ్యాక్టరీది.

సేతువంటే రెండు ఒడ్లను కలిపేదని లోకం చెప్పుకునే అర్థం. పెద్దలు అంతకు ముందే మరొక అర్థం చెప్పారు: వేర్వేరు లోకాలు ఒకదానిలో ఒకటి పడి కలగాపులగం కాకుండా, దేనిని దాని చోట నిలిపి ఉంచేది సేతువని. మద్దెలవాగు వంతెన ఈ రెండవ పనినే ఎక్కువ శ్రద్ధగా చేస్తుంది. రైలు అదురు నీళ్ల పైపుకు తగలరాదు. నీళ్ల చెమ్మ కరెంటును తాకరాదు. ఎవరి కొక్కెం వారిది, ఎవరి హద్దు వారిది. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే. దూలాల కిందుగా ఒడ్డు నుంచి ఒడ్డుకు పోయే సన్నని నడకబల్ల, దాని మొదట ఉన్న ఇనుప జాలీ తలుపు.

ఆ తలుపుకు ఒకే గొలుసు, ఐదు తాళాలు. గొలుసు కొసలు రెండూ నేరుగా కలవవు. ఒక కొసకు కరెంటువాళ్ల తాళం, దాని వంపు కమ్మిలో ఫ్యాక్టరీ తాళం, దానికి రైల్వే తాళం, దానికి నీళ్లవాళ్లది, దానికి ఫోను కంపెనీది, అక్కడి నుంచి గొలుసు రెండో కొస. బడిపిల్లలు చేయీ చేయీ పట్టుకుని వరుసగా నిలబడినట్లుంటుంది. ఎవరికి పని పడితే వారు తమ తాళం తీస్తారు; వరుస అక్కడ తెగి తలుపు తెరుచుకుంటుంది. ఒకరి తాళంచెవితో మరొకరికి నిమిత్తం లేదు, ఒకరి అనుమతి మరొకరు అడగనక్కర లేదు. తిరిగి పోయేటప్పుడు మాత్రం తన తాళంతో ఇటు పక్కదాన్నీ అటు పక్కదాన్నీ కలిపి నొక్కాలి. పక్కవాణ్ని దాటి ఆ తర్వాతివాణ్ని పట్టుకుంటే మధ్యవాడు వరుస బయట వేలాడుతాడు. అప్పుడు అతని తాళం తెరుచుకుంటుంది గాని తలుపు తెరుచుకోదు.

అందుచేత ఆ వంతెన దగ్గర రెండు కట్టుబాట్లు ఏర్పడ్డాయి. తాళం గొలుసులో ఉండి, దాని చెవి తిరుగుతున్నంత కాలం ఆ కొక్కెం ఆ తాళంవారిదే. మరొకరి తాళాన్ని వరుస తప్పించినవారి చోటు పోతుంది. వీటిని అందరికన్నా నిష్ఠగా పాటించినవాడు, అక్కడ పని ఏనాడో పోయినవాడు. అతని పేరు గౌహర్ అలీ.

గౌహర్ పుట్టింది బోధన్ పాతబజారులో, తాళాలు బాగుచేసే ఇంట్లో. తండ్రి చిన్న దుకాణపు మడిగెలో కూర్చుని ఆకురాయితో తాళంచెవులు అరగదీసేవాడు. కళ్లు మసకబారిన తరువాత ఆయన వేళ్లతోనే పని సాగించాడు. కొడుక్కు నేర్పింది కూడా అదే. "తాళాన్ని ముందు తడుము, తర్వాత చూడు" అనేవాడు. కన్ను పైమెరుపును చూస్తుంది, వేలు లోపలి అరుగుదలను పట్టుకుంటుంది. ఆ విద్య గౌహర్ వేళ్లకు చిన్నప్పుడే పట్టుబడింది. పెద్దవాడై ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినప్పుడు అతనికి వంతెన మీది పైపు అప్పగించారు. చెరకు ఆడే కాలంలో కాలువ నీరు ఆ పైపులోంచే ఫ్యాక్టరీకి పోవాలి. అతుకుల దగ్గర బొట్టు కారినా అతను నడకబల్ల మీద బోర్లా పడుకుని బిగించేవాడు. నెత్తిమీద రైలు పోతుంటే, ముక్కుకు చెరకుపాకం వాసన తగులుతుంటే, కింద వాగు పోతుంటే అతను చేసిన కొలువు అది. దాన్ని అతను ఎవరికీ వర్ణించి చెప్పలేదు. వర్ణించవలసినంత విశేషం అందులో ఉందని అతనికి తోచలేదు.

తరువాత ఫ్యాక్టరీ మూతపడింది. చివరిరోజున సామాను వ్యానులోకి ఎక్కిస్తూ ఒక ఆఫీసరు వెనక్కి తిరిగి, "గౌహర్, పైపు జర సూస్తుండు" అన్నాడు. చూడవద్దని చెప్పడానికి ఆ తరువాత ఎవరూ రాలేదు. గౌహర్ పోయి తన తండ్రి మడిగెలో కూర్చున్నాడు. భార్య షాజియా ఇంట్లో కుట్టుమిషను తొక్కింది. ప్రతి శుక్రవారం పొద్దున, జుమ్మా నమాజుకు ముందు, అతను సైకిలెక్కి వంతెనకు పోయి తన తాళం తీసి, నడకబల్ల మీద ఆ కొస దాకా నడిచి, పైపు కొక్కేలు తట్టి చూసి, తిరిగొచ్చి, తాళంలో నాలుగు చుక్కల నూనె పోసి, మళ్లీ వరుసలో కలిపి నొక్కేవాడు. నిత్యకర్మకు ఫలం చెప్పరు. మానితే దోషం మాత్రం చెబుతారు. గౌహర్‌కు ఆ శాస్త్రం తెలియదు. ఆచరణ మాత్రం అక్షరాలా అదే.

షాజియా మొదట్లో పోరు పెట్టేది. "సచ్చిన పైపుకు గుసుల్ జేయిస్తున్నవా?" అనేది. శవానికి చేయించే స్నానమది. గౌహర్ నవ్వి ఊరుకునేవాడు. అడిగినవాళ్లలో అతను జవాబు చెప్పవలసి వచ్చింది ఒక్కరికే. ఆయన రామకోటేశ్వరరావు.

రామకోటేశ్వరరావు తాత కృష్ణాతీరం నుంచి వచ్చి కాలువకింద పొలం కొన్నవాడు. మనుమడి కాలానికి ఆ చుట్టుపక్కల చెరకు తోటలన్నీ వరిమళ్లైపోయాయి. ఆయన మాత్రం ఒక మడి నిండా చెరకు ఉంచాడు. రుద్రూర్ పరిశోధన క్షేత్రం నుంచి తెచ్చిన విత్తనపు రకం అది. ఫ్యాక్టరీ తెరిచిననాడు విత్తనానికి వెతుక్కోకూడదని ఏటేటా కొట్టించి మళ్లీ నాటించేవాడు. శుక్రవారం నాడు మోటారుసైకిలు మీద వంతెన దాటుతూ, కింద గౌహర్ కనిపిస్తే, బండి ఆపి పిట్టగోడ మీదుగా వంగి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఏమయ్యా గౌహర్, మన పైపు ఉందా?"

"ఉంది సాబ్."

"ఉండాలి. యంత్రాలు కొత్తవి కొనుక్కోవచ్చు. ఈ వంతెన మీద చోటు మాత్రం మళ్లీ అడిగితే ఎవడూ ఇవ్వడు."

అది నిజమే. రైల్వే, రోడ్ల శాఖ, కరెంటు, నీళ్లు అందరూ ఒప్పుకుంటే తప్ప కొత్తవాళ్లకు కొక్కెం దొరకదు. చోటు లేకపోతే నీరు లేదు, నీరు లేకపోతే ఫ్యాక్టరీ మాట ఎత్తడమే దండగ. అప్పటికే ఒక గ్యాస్ కంపెనీ తన గొట్టానికి చోటు కావాలని రోడ్ల శాఖ చుట్టూ తిరుగుతున్నది. వంతెన మీద ఖాళీ లేదు. ఖాళీ అయ్యే అవకాశం ఉన్నది ఒక్క ఎండిన పైపు చోటుకే. ఆ పైపును నిలబెట్టినది గొలుసులోని తాళం, ఆ తాళాన్ని నిలబెట్టినది శుక్రవారపు నూనె.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. ఒక గురువారం నాడు రైల్వే కీమన్ జయప్రకాష్ తన పాత తాళాన్ని తీసేసి కొత్తది వేశాడు. పట్టాల వెంట రోజూ నడిచి వాటి బిగింపులు చూసేవాడిని కీమన్ అంటారు; ఆ వంతెన అతని హద్దులోది. పాత తాళం గౌహర్ వేళ్లకు బాగా తెలిసినది. దాని కమ్మి గరుకు, ఒంటినిండా తుప్పుపొక్కులు. కొత్తది చిన్నది, నున్ననిది, గాజుగోలీలా చేతికి అందీ అందనట్లుంటుంది.

మర్నాడు శుక్రవారం గౌహర్ వచ్చాడు. ఒక చేత గొడుగు, ఒక చేత నూనెడబ్బా. కళ్లద్దాల మీద తుంపర. తాళంలో నూనె పోసి, ఎడమపక్క కరెంటు తాళాన్ని కమ్మిలో ఉంచి, కుడిపక్కదాని కోసం చూడకుండానే చెయ్యి చాచాడు. ఎన్నో ఏళ్లుగా ఆ చెయ్యి అక్కడ గరుకైన కమ్మినే పట్టుకున్నది. నున్నగా ఏదో వేళ్లను రాసుకుపోయింది. అది ఒక తాళమని వేళ్లు గుర్తించలేదు. ఆ వెనుక గరుకైనది తగిలింది. దాన్ని పట్టుకుని కలిపి నొక్కాడు. గొలుసు కొంచెం బిగుతుగా తోచింది. తలుపు వానకు ఒరిగి ఉంటుందనుకుని, నమాజు వేళ అవుతున్నదని సైకిలెక్కాడు.

శనివారం పొద్దున వాగు పొంగింది. నీళ్లు వంతెన కాళ్లను ఒరుసుకుంటున్నప్పుడు కీమన్ నడకబల్ల మీదికి పోయి దూలాల ఆనిక, అంటే అవి కాళ్ల మీద కూర్చున్న చోటు, చూడాలి. చూసి బాగుందని చెబితేనే రైలు. జయప్రకాష్ కొత్త తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తాళం తెరుచుకుంది. తలుపు తెరుచుకోలేదు. బోధన్‌కు పోవలసిన గూడ్సుబండి ఎడపల్లి స్టేషన్లో ఆగిపోయింది. ఎక్కడో స్తంభం మీద ఉన్న కరెంటు లైన్‌మన్ దిగి, తడిసి ముద్దై వచ్చి తన తాళం తీసేదాకా జయప్రకాష్ వానలో జాలీ పట్టుకుని నిలబడి, తనకు తెలిసిన తిట్లన్నీ పేరు లేని ఒక మనిషికి అంకితం చేశాడు. ఆనిక బాగానే ఉంది, బండి పోయింది. కానీ ఆగిన బండికి కారణం చెప్పాలి. పైవాళ్లు జయప్రకాష్‌కు మెమో ఇచ్చి, సోమవారం అందరూ వంతెన దగ్గర కూడాలనీ, అందాకా గొలుసును ఎవరూ కదిలించవద్దనీ కబురు పంపారు.

సోమవారం వాన వెలిసింది. రోడ్ల శాఖ ఏఈ కల్యాణి వచ్చింది. ఉమ్మడి వంతెన కాబట్టి తీర్పు చెప్పవలసినది ఆమె. జయప్రకాష్, కరెంటు లైన్‌మన్, ఫోను కంపెనీ మనిషి, మంచినీళ్ల పైపు చూసే ఉమామహేష్ వచ్చారు. పిలవకపోయినా గ్యాస్ కంపెనీ సూపర్‌వైజరు వచ్చాడు. గౌహర్‌ను పిలవాలని ఎవరికీ తోచలేదు. జయప్రకాష్ దారిలో మాటవరసకు చెబితే సైకిలు మీద వచ్చి ఒక పక్కగా నిలబడ్డాడు.

గొలుసు అందరి కళ్లముందు ఉన్నది. నాలుగు తాళాలు వరుసలో బిగుసుకుని ఉన్నాయి. రైల్వేవాళ్ల చిన్న తాళం వరుస బయట, నీళ్లవాళ్ల తాళం కమ్మికి దుద్దులా వేలాడుతున్నది.

"ఇందులో చూడటానికేముంది మేడం?" అన్నాడు గ్యాస్ సూపర్‌వైజరు. "రైల్వే లాక్ ఎవరి లాక్‌కి వేలాడుతోంది? వాటర్ వాళ్లదానికి. అయిపోయింది."

ఉమామహేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. అతనిది కాంట్రాక్టరు కింది కొలువు. పెళ్లై ఏడాది కాలేదు.

"నేను పోయిన వారం గిటు దిక్కే రాలే మేడం. ట్యాంకు కాడనే ఉన్న. మా అవ్వ మీద ఒట్టు."

"అవ్వను తేకురా నడుమ," అన్నాడు జయప్రకాష్. "నా తాళం నీ తాళాన్ని పట్టుకోని ఏలాడవట్టె. దానికి కాళ్లొచ్చి ఎక్కిందా?"

"నాకెట్ల తెలుస్తది అన్నా? నీ తాళం, నువ్వే అడుగు."

"నేను అడిగేది నిన్ను. బండి ఆగింది, నాకు మెమో వడ్డది. గిన్నేండ్ల సర్వీసుల ఒక్క మచ్చ లేదు. నీకేం, నిన్న మొన్న వచ్చినోనివి."

లైన్‌మన్ మెల్లగా అన్నాడు: "కాంట్రాక్టరుకు ఎరికైందంట. రేపటి సంది వేరేటోన్ని పంపుతడంట."

కట్టుబాటు ప్రకారం వరుస తప్పించినవారి చోటు పోవాలి. కానీ పట్టణానికి తాగునీరు ఆపడం ఎవరి తరమూ కాదు. పైపు పోదు కాబట్టి మనిషి పోతాడు. అది ఎవరూ పైకి చెప్పనక్కర లేకుండానే అక్కడ తేలిపోయింది. ఫ్యాక్టరీ తాళం వైపు ఒక్కరూ చూడలేదు. అది ఉన్నదనే సగంమందికి గుర్తు లేదు.

గౌహర్ వేలాడుతున్న చిన్న తాళాన్ని చూస్తున్నాడు. దాని నునుపు అతని కళ్లకు మొదటిసారి కనిపించింది. వేళ్లకు మాత్రం అది రెండవసారి. శుక్రవారం నాడు చేతిని రాసుకుపోయిన చల్లని వస్తువు ఏదో, గొలుసు ఎందుకు బిగుసుకుందో, అతనికి ఒక్కసారిగా తెలిసింది. అతను తన కుడిచేతిని లేపి చూసుకున్నాడు. తండ్రి నేర్పినదానిలో సగమే ఆ చెయ్యి చేసింది. తడిమింది, చూడటం మరిచింది.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. కొక్కెం పోతుంది, దానితో పైపు పోతుంది. రామకోటేశ్వరరావు మడిలోని చెరకు ఇక పశువుల మేతకు తప్ప ఎందుకూ పనికిరాదు. చెప్పకపోతే ఏమీ కాదు. ఎవరూ అడగరు. చచ్చిన ఫ్యాక్టరీ మీద అనుమానపడేవాడు ఎవడుంటాడు? పైన రోడ్డు మీద వరిగడ్డి ట్రాక్టరు ఒకటి పోయింది. వంతెన సన్నగా వణికి ఊరుకుంది. ఆ వణుకు ఆగేంతసేపు అతను ఆలోచించాడు.

"జయప్రకాష్ తమ్మీ," అన్నాడు. "జర గిట్ల రా. నా చెయ్యి పట్టుకో."

"ఏంది భాయ్, గిప్పుడు ఆటలా?"

"పట్టుకోమంటున్న గద. బేటా ఉమామహేష్, నువ్వు జయప్రకాష్ రెండో చెయ్యి పట్టుకో. గట్టిగ."

ముగ్గురూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తలుపు ముందు నిలబడ్డారు. లైన్‌మన్ నవ్వు ఆపుకోలేక, "బతుకమ్మ పాట ఎత్తమంటరా?" అన్నాడు.

"నేను ఫ్యాక్టరీ తాళం," అన్నాడు గౌహర్. "నడుమ రైల్వే. ఆ కొసకు నీళ్లోళ్లు. ఇగ సూడుండ్రి. నేను రైల్వే చెయ్యి ఇడిసిన." జయప్రకాష్ చేతిని వదిలేసి, అతన్ని చుట్టి పోయి, ఉమామహేష్ భుజాన్ని పట్టుకున్నాడు. "ఇగో, నీళ్లోన్ని పట్టుకున్న. వరుస గలిసింది. నడుమల ఉన్న రైల్వే ఎటు పాయె?"

జయప్రకాష్ ఒక చెయ్యి గాలిలో, ఒక చెయ్యి ఉమామహేష్ చేతిలో ఉంచుకుని బిత్తరపోయి నిలబడి ఉన్నాడు.

"ఉమామహేష్‌కు ఏలాడుతున్నడు గద. మరి ఇడిసింది ఎవడు? పోరడు ఇడువలే. పోరడు పట్టుకునే ఉన్నడు. ఇడిసింది నేను." గౌహర్ భుజం మీది చెయ్యి తీసేశాడు. "శుక్రవారం వానల గుడ్డిగ తాళమేసిన మేడం. కొత్త తాళం నా చేతికి తెల్వలే. గా పోరని తప్పేం లేదు."

కల్యాణి అంతకు ముందే గొలుసు దగ్గరికి వంగి ఫ్యాక్టరీ తాళానికి తాజాగా అంటిన నూనెను చూస్తున్నది. ఆమె అడగబోతున్న ప్రశ్నకు జవాబు ముందే వచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"తెలిసే చెప్తున్నారా? కొక్కెం పోతుంది."

"ఎరికే మేడం."

"ఫ్యాక్టరీవాళ్లను అడిగి చెప్పండి, కావాలంటే రెండు రోజులు ఆగుతాను."

"ఎవర్ని అడగాలె మేడం? ఫ్యాక్టరీ అంటే గీ తాళం, నేను."

గ్యాస్ సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "అయితే మేడం, ఆ ప్లేస్ ఖాళీ అయినట్టే కదా?"

"మీరు కాసేపు ఆగండి," అన్నది కల్యాణి, అతని వైపు చూడకుండానే.

జయప్రకాష్‌కు అప్పటికి నోరు వచ్చింది. "గంత పెద్ద పని జేసి గంత సల్లగ చెప్పవడితివి భాయ్. శనివారం నేను తిట్టిన తిట్లు ఎవరికి తాకినయో ఎరికేనా?"

"ఎక్కిళ్లచ్చినయి తమ్మీ. షాజియా నీళ్లిచ్చింది."

ఉమామహేష్ ఇంకా జయప్రకాష్ చేతిని వదలలేదని కొంతసేపటికి గాని ఇద్దరికీ తెలియలేదు.

తీర్పు చెప్పడం తేలికే: ఫ్యాక్టరీ కొక్కెం పోయింది, ఉమామహేష్ కొలువు నిలిచింది. గొలుసును సరిచేయడమే కష్టమైంది. ఫ్యాక్టరీ తాళం తీసి గౌహర్ చేతిలో పెట్టారు. అది కొబ్బరికాయంత తాళం; కమ్మి జానెడు. దాని చోట గ్యాస్ సూపర్‌వైజరు జేబులోంచి ఒక ముచ్చటైన చిన్న తాళం తీశాడు. కలపబోతే గొలుసు అందలేదు. బెత్తెడు దూరంలో ఆగిపోయింది. జయప్రకాష్ లాగాడు, లైన్‌మన్ తలుపును భుజంతో నెట్టాడు, సూపర్‌వైజరు తన తాళం కమ్మిని కళ్లతోనే సాగదీస్తున్నట్లుగా చూశాడు. ఇనుము ఎవరి మాటా వినలేదు.

"కొత్త గొలుసు కొనాలె," అన్నాడు లైన్‌మన్.

కొనవలసినది ఎవరన్న ప్రశ్న లేచింది. వంతెన రోడ్లవాళ్లది కాబట్టి రోడ్లవాళ్లే కొనాలని రైల్వే. వాడుకునేవాళ్లే కొనాలని కల్యాణి. అందరూ సమానంగా వేసుకోవాలంటే పైనుంచి ఉత్తరం కావాలని ఫోను కంపెనీ. తలుపు తెరిచి వదిలేయడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి కల్యాణి చెప్పింది: కొత్త గొలుసు వచ్చేదాకా ఫ్యాక్టరీ తాళం గొలుసులోనే ఉంటుంది. కొక్కెం మీద హక్కు లేదు. ఉత్త లింకుగా ఉంటుంది. గ్యాస్‌వాళ్ల తాళం దాని పక్కన చేరుతుంది.

"మరి చెవి?" అన్నాడు జయప్రకాష్. తాళంచెవి ఉన్నవాడు తలుపు తీయగలడు. హక్కు లేనివాడి దగ్గర చెవి ఉండరాదు.

గౌహర్ నడుముకు కట్టుకున్న తాడు విప్పి చెవిని కల్యాణి ముందు పెట్టాడు. ఆమె రైల్వే వైపు చూసింది. పరాయి తాళంచెవి రైల్వే మనిషి ఉంచుకుంటే మరొక మెమో తప్పదన్నాడు జయప్రకాష్. లైన్‌మన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఉమామహేష్, "నాకు నా తాళమే సాలు మేడం, దండం," అన్నాడు. గ్యాస్ సూపర్‌వైజరు తీసుకోవడానికి సిద్ధమే. తక్కినవాళ్లందరూ ఒక్కసారే వద్దన్నారు. కల్యాణి ఆఫీసులో అలాంటి చెవిని జమకట్టుకునే పద్ధతి లేదు. ఆ చెవి ఒక చుట్టు తిరిగి గౌహర్ నడుము తాడుకే వచ్చింది.

ఆ సాయంత్రం అతను నేరుగా ఇంటికి పోలేదు. రామకోటేశ్వరరావు పొలానికి పోయాడు. ఆయన చెరకుమడి గట్టు మీద నిలబడి ఆకు దూయిస్తున్నాడు. జరిగిందంతా విని చేతిలోని చెరకాకును చీల్చి కింద పడేశాడు.

"చెప్పకపోతే ఏమయ్యేదయ్యా?" అన్నాడు.

"పోరని కొలువు పోయేది సాబ్."

"ఆ పిల్లాడికి ఇంకోచోట దొరికేది. దీనికి దొరకదు కదా."

"దొరకదు."

"నన్నొక్క మాట అడిగుండొచ్చు."

"అడిగితే మీరు వద్దందురు సాబ్. అప్పుడు మీ మాట కూడ తీసేసినట్టయితుండె."

రామకోటేశ్వరరావు ఆకు దూసే మనిషి వైపు తిరిగి, "ఆ మూల వదిలేశావు చూడు," అన్నాడు. గౌహర్ సైకిలు తిప్పుకున్నాడు. ఆయన పిలవలేదు.

ఇంట్లో షాజియా విన్నది. "పైపు పోయినంక ఇంక శుక్రవారం ఎటు పోతవు?" అని అడిగింది. ఆమె గొంతులో వెనుకటి ఎగతాళి లేదు. గౌహర్ చెవిని మేకుకు తగిలించాడు.

వానలు వెనుకబట్టాక పైపును కోశారు. గ్యాసు మంటతో ముక్కలు చేసి తాళ్లతో వాగు ఒడ్డుకు దింపారు. గౌహర్ చూడటానికి పోయాడు, దూరంగా కూర్చున్నాడు. ఒక ముక్కలోంచి గబ్బిలాలు లేచి పగటి వెలుగుకు తడబడుతూ పోయాయి. మరొక ముక్కలోంచి గుప్పెడు ఎండిన ఒండ్రు రాలింది. కాలువ నీరు చివరిసారి వచ్చినప్పుడు వదిలిపోయినది. ఇనుము లారీలో ఎక్కింది. కొక్కేల మీద పసుపురంగు గ్యాస్ గొట్టం నిగనిగలాడుతూ వచ్చి కూర్చుంది.

కొత్త గొలుసు గురించిన ఉత్తరం ఒక ఆఫీసు నుంచి మరొక ఆఫీసుకు పోయింది. ప్రస్తుతం అది ఎక్కడున్నదో జయప్రకాష్‌కు తెలియదు; తెలుసుకోవాలని అతను పెద్దగా ప్రయత్నించలేదు కూడా.

గ్యాస్ గొట్టం వచ్చిన తరువాతి శుక్రవారం గౌహర్ మేకుకున్న చెవి తీసుకున్నాడు. తాళం లింకుగా ఉన్నా తాళమే. తుప్పు పట్టి బిగుసుకుపోతే వరుసలో ఉన్నవాళ్లకందరికీ ఇబ్బంది. అతను తలుపు తీయలేదు, నడకబల్ల మీద కాలు పెట్టలేదు. ఆ హక్కు పోయింది. గొలుసును ఒక చేత్తో బిగపట్టుకుని, తాళం తెరిచి, నూనె పోశాడు. మళ్లీ కలిపేటప్పుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎడమ చేతివైపు గ్యాస్‌వాళ్లది. కుడి చేతివైపు రైల్వేవాళ్ల చిన్న తాళం. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, కళ్లతో చూసి, ఒకటికి రెండుసార్లు చూసి, కమ్మిలోకి తీసుకున్నాడు.

పైన మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. పైరగాలిలో చెరకాకు వాసన వచ్చింది. బండి వెనుక విత్తనపు గడల కట్ట ఉన్నది. రామకోటేశ్వరరావు పిట్టగోడ మీదుగా వంగాడు.

"ఏమయ్యా గౌహర్, మన పైపు..." అని, అలవాటు కొద్దీ సగం అడిగి ఆగిపోయాడు.

గౌహర్ తలెత్తాడు. "పైపు లేదు సాబ్. తాళం ఉంది."

ఆయన కొంతసేపు ఆ పసుపు గొట్టాన్ని చూశాడు, తరువాత గొలుసును చూశాడు.

"సరిగా పడిందా ఈసారి?"

"సూసే ఏసిన."

మోటారుసైకిలు కదిలిపోయింది. గౌహర్ తాళాన్ని నొక్కి, తలుపును ఒకసారి తన వైపు లాగి చూసి, చేతికంటిన నూనెను సైకిలు సీటుకింది గుడ్డతో తుడుచుకుని, నమాజుకు పోయాడు.